గవ్వల కబుర్లు: అష్టా చెమ్మాలో అదృష్టం ఎంత, బుర్ర ఎంత?

పోయిన నెల ఒక పాఠకురాలు "పిల్లలకి సెలవులు, అయిదేళ్ల వాళ్ల నుంచి డెబ్బై ఏళ్ల వాళ్ల దాకా అందరూ కలిసి ఆడే ఆట ఒకటి చెప్పండి" అని అడిగితే "అష్టా చెమ్మా ఆడుకోండి, పైసా ఖర్చు లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. తేలిందనే అనుకున్నాను. ఆ ఒక్క ముక్కకి వచ్చినన్ని ఉత్తరాలు ఈ శీర్షికకి ఈమధ్య కాలంలో రాలేదు. సగం ఉత్తరాలు పోట్లాటలే. ఒక ఇంటి నుంచి భార్య ఒకటి, భర్త ఒకటి విడివిడిగా రాశారు, ఒకరికి తెలియకుండా ఇంకొకరు. అందుకే ఈ నెల వేరే ప్రశ్నలన్నీ పక్కన పెట్టాను.

ప్రశ్న: మా పుట్టింట్లో నాలుగు కాయలూ మొదటి నుంచే ఇంట్లో ఉండేవి, ఏ పందెం పడినా నడిపేవాళ్లం. అత్తారింట్లో అష్టా గానీ చెమ్మా గానీ పడితేనే కాయ దిగుతుందంటారు. పైగా అవతలి కాయని ఒక్కటైనా చంపనిదే లోపలి గళ్లలోకి వెళ్లకూడదట. అసలు రూల్ ఏది?
— తెనాలి నుంచి ఒక పాఠకురాలు

రెండూ అసలు రూల్సేనమ్మా. ఈ ఆటకి అచ్చేసిన రూల్ బుక్ లేదు, ఏ ఇంటి రూల్ ఆ ఇంటిదే, పైగా ఎవరింటి రూల్ వాళ్లకి వేదం. మారనివి కొన్ని ఉన్నాయి, ముందు అవి చెప్పుకుందాం, మొదటిసారి ఆడేవాళ్లకీ పనికొస్తుంది.

నేల మీద సుద్దముక్కతో అయిదు అడ్డం, అయిదు నిలువు, మొత్తం 25 గళ్లు. నాలుగు వైపులా బయటి వరుసలో నడిమి గడికి, పటం మధ్యలో ఉన్న గడికి అడ్డగీతలు కొట్టాలి, అవి ఇళ్లు. ఇంట్లో ఉన్న కాయని ఎవరూ చంపలేరు (చంపడమంటే అవతలి కాయ ఉన్న గడిలోనే మన కాయ వచ్చి ఆగి, దాన్ని మళ్లీ మొదటికి పంపడం). నలుగురు నాలుగు వైపులా కూర్చుంటారు, మనిషికి నాలుగు కాయలు. కాయలంటే ఏవైనా సరే, మా అమ్మమ్మగారింట్లో ఒకరికి గాజు ముక్కలు, ఒకరికి బొగ్గు ముక్కలు, ఒకరికి చింతపిక్కలు, చివరికి మిగిలినవాళ్లకి చీపురుపుల్లలు విరిచి ఇచ్చేవాళ్లు. నాలుగు గవ్వలు వేస్తే ఎన్ని వెల్లకిలా పడితే అంత పందెం. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. ఈ రెంటిలో ఏది పడినా మళ్లీ వేసుకోవచ్చు. మన ఇంటి నుంచి బయలుదేరి బయటి వరుసంతా గడియారానికి ఎదురు తిరిగి, మన ఇంటి పక్క గడి దాకా వచ్చి, అక్కడి నుంచి లోపలి వరుసలోకి మళ్లి, ఈసారి గడియారం వైపే తిరిగి, నడిమింట్లో పడితే కాయ పండినట్టు. లెక్కేసి చూడండి, బయట 15 అడుగులు, లోపల 8, ఆఖరిది 1, మొత్తం 24.

ఇక మీ గొడవ. అష్టా, చెమ్మా పడితేనే దిగాలన్న రూల్ నాకు నచ్చదు, కారణం చెప్తాను. గవ్వలు సరిగ్గా ఉంటే ఆ రెంటిలో ఏదో ఒకటి పడేది ఎనిమిది సార్లలో ఒకసారి. అంటే అయిదు చుట్లు తిరిగినా ఒక్క కాయ కూడా దిగకుండా గోళ్లు గిల్లుకుంటూ కూర్చునే అవకాశం సగానికి సగం. పెద్దవాళ్లు కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటారు, పిల్లలు లేచి టీవీ ముందుకి పోతారు. మధ్యేమార్గంగా ఒక్క కాయని ముందే దింపేసి, మిగతా మూడింటికి మీ అత్తగారి రూల్ పెట్టుకోండి.

చంపితేనే లోపలికి అన్న రూల్ మాత్రం నూటికి నూరుపాళ్లు మీ అత్తగారిదే కరెక్టు. అది లేకపోతే ప్రతివాళ్లూ ఇంటి నుంచి ఇంటికి దాక్కుంటూ దొంగల్లా వెళ్లి పండిపోతారు, ఆటలో ఉప్పూకారం ఉండదు. అది ఉంటే ఎంత మెతక మనిషైనా ఒక్కసారి కత్తి దూయాల్సిందే.

మూడుసార్లు వరసగా అష్టా, చెమ్మాలు పడితే మూడూ మురిగిపోతాయా, రెండు కాయలు ఒకే గడిలో ఉంటే జంట కిందా కాదా, చంపితే ఇంకో పందెం ఉందా లేదా, ఈ మూడూ గవ్వలు చేతిలోకి తీసుకోకముందే తేల్చుకోండి. ఆట మధ్యలో తేల్చుకోవడం అన్నది జరగదు, నా మాట నమ్మండి.

ప్రశ్న: ఇది పక్కా అదృష్టం ఆటండీ. గవ్వ ఎలా పడితే అలా నడవడమే కదా, ఇందులో బుర్ర పెట్టేది ఏముంది? మా ఆవిడ మాత్రం గెలిచినప్పుడల్లా "తెలివి" అంటుంది. కాస్త మీరైనా చెప్పండి.
— విజయవాడ నుంచి ఒక పాఠకుడు

గెలిచినప్పుడల్లా అన్నారు. ఎన్నిసార్లు గెలిచిందో మీరు రాయలేదు, ఆవిడ తన ఉత్తరంలో రాసింది, పదింట ఏడు. (అవును, ఆ రెండు ఉత్తరాల ఇల్లు మీదే.)

వైకుంఠపాళి అయితే మీరన్నదే నిజం. ఒక్కటే కాయ, పందెం పడినంత నడవాలి, పాము ఉంటే దిగాలి, నిచ్చెన ఉంటే ఎక్కాలి, మనం చేసే నిర్ణయం ఒక్కటి కూడా ఉండదు. అష్టా చెమ్మాలో నాలుగు కాయలున్నాయి. పందెం ఎంత పడాలో గవ్వల ఇష్టం, ఏ కాయని నడపాలో మన ఇష్టం. మీ ఆవిడ గెలుస్తున్నది ఆ రెండో దాంట్లో.

కాగితం తీసుకోండి. నాలుగు గవ్వలు, ఒక్కోటి రెండు రకాలుగా పడొచ్చు, మొత్తం 16 రకాలు. అందులో ఒకటి పడేవి 4, రెండు పడేవి 6, మూడు పడేవి 4, చెమ్మా 1, అష్టా 1. లూడో పాచికలో ఒకటి నుంచి ఆరు దాకా అన్నిటికీ సమాన అవకాశం, అందుకని అవతలివాడు మీ వెనక రెండు గళ్ల దూరంలో ఉన్నా అయిదు గళ్ల దూరంలో ఉన్నా భయం ఒకటే. గవ్వల్లో అలా కాదు. రెండు గళ్ల వెనక ఉన్నవాడు మిమ్మల్ని చంపడానికి 16లో 6 అవకాశాలు. ఒకటో మూడో గళ్ల వెనక ఉంటే 4. నాలుగు గళ్లు వెనక ఉంటే ఒకే ఒక్కటి. అయిదు గళ్ల దూరంలో ఉన్నవాడికి చెమ్మా పడి, ఆ పైన ఒకటి పడాలి, అంటే 64లో ఒకసారి. మొత్తం కథ ఇంతే, శత్రువుకి నాలుగు గళ్ల అవతల ఉంటే హాయిగా నిద్రపోవచ్చు, రెండు గళ్ల ముందుంటే మాత్రం తలుపు తీసి పడుకున్నట్టే.

ఇప్పుడు పటం చూడండి. ఒక ఇంటి నుంచి తర్వాతి ఇంటికి సరిగ్గా నాలుగు అడుగులు. మధ్యలో మూడే గళ్లు, ఆ మూడింటిలో నడిమిది మూల గడి. చాలామంది మూల చూడగానే గోడ వారగా కూర్చున్నంత ధీమాగా కాయ అక్కడ పెడతారు. అవతలివాడి కాయలు వాడి ఇంట్లో కాపు కాస్తూ ఉంటే, వాడింటికి మూల గడి రెండు అడుగుల దూరం. అన్నిటికంటే ఎక్కువసార్లు పడే పందెం రెండే! చచ్చే కాయల్లో చాలావాటి ప్రాణం ఈ మూలల్లోనే పోతుంది. ఎవరైనా వెనకింట్లో పొంచి ఉంటే మూలకి ఒక గడి ఇవతలో అవతలో ఆగండి. వెనకిల్లు ఖాళీగా ఉంటే అదే మూల మంచిది, ఎందుకంటే అక్కడి నుంచి ముందింట్లోకి దూరడానికి కావాల్సిందీ రెండే కదా. ఒకే గడి, వెనక ఎవరున్నారన్న దాన్ని బట్టి మంచిదో చెడ్డదో అవుతుంది.

చెమ్మా, అష్టా పడినప్పుడు ఇంకో సంగతి. నాలుగూ ఎనిమిదీ ఇంటి నుంచి ఇంటికి సరిగ్గా చేర్చే అంకెలు. కాబట్టి ఇంట్లో ఉన్న కాయని ఆ పందెంతో నడిపితే, బయటి వరుస దాటనంత వరకు, మళ్లీ ఇంట్లోనే పడుతుంది, ఎండ తగలకుండా. రోడ్డు మీద నిలబడ్డ కాయని అదే పందెంతో నడిపితే మళ్లీ రోడ్డు మీదే తేలుతుంది. కొత్తవాళ్లు అష్టా పడగానే అందరికంటే ముందున్న కాయని ఇంకా ముందుకి తోస్తారు, అక్కడ శత్రువు సరిగ్గా రెండు గళ్ల వెనక ఉంటాడు.

చావు తప్పనప్పుడు ఏ కాయని బలిపెట్టాలన్నది కూడా లెక్కే. మూడు అడుగులు వేసిన లేత కాయ పోతే మూడు అడుగులే పోయాయి. బయటి వరుస ముగించి లోపలికి తిరిగిన ముదురు కాయ పోతే పదిహేను, ఇరవై అడుగులు పోతాయి, సగటున ఒక పందానికి రెండున్నర అడుగులు కాబట్టి ఆరు నుంచి ఎనిమిది పందాల కష్టం గంగలో కలిసినట్టు. లోపలి వరుస ఎనిమిది గళ్లలో ఒక్క ఇల్లు కూడా లేదు, తలదాచుకునే చోటే లేదు, అందుకని లోపల అడుగుపెట్టిన కాయని అక్కడ నిలబెట్టి వేరే కాయల వెంట పడకండి. కాయ ముదిరాక దాని చోటు పండటమే. ఆఖరి అడుగుకి సరిగ్గా అంతే పందెం పడాలని మీ ఇంటి రూల్ అయితే, నడిమింటికి ఒక్క అడుగు దూరంలో కంటే రెండు అడుగుల దూరంలో ఆగడం మంచిది, కారణం మీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది.

ఇంతా చెప్పాక కూడా అదృష్టం లేదనను. వరసగా నాలుగు ఒకట్లు పడిన రోజున ఏ తెలివీ పనికిరాదు. మీ పాచిక పారని రోజులు ఉంటాయి. పదింట ఏడు మాత్రం అదృష్టం కాదు సార్.

ప్రశ్న: తీర్థయాత్రకి వెళ్లినప్పుడు గవ్వలు కొన్నాను. వాటితో ఆడితే అష్టాలే అష్టాలు, చెమ్మా పడటం గగనం. గవ్వల్లో ఏమన్నా మోసం ఉందా?
— నెల్లూరు

మోసం కాదు, గవ్వ రూపాయి బిళ్ల కాదు. దాని వీపు ఉబ్బు, బరువు ఒక్కో గవ్వకి ఒక్కో తీరు, ఏ గవ్వా సరిగ్గా సగం సగం పడదు. కొద్ది తేడాయే పెద్దదైపోతుంది. గవ్వ పదింట నాలుగుసార్లు వెల్లకిలా, ఆరుసార్లు బోర్లా పడుతోందనుకోండి, చూడ్డానికి పెద్ద తేడాగా అనిపించదు, కానీ నాలుగు గవ్వలూ కలిసే సరికి చెమ్మా ఒకసారి పడేలోపు అష్టా అయిదుసార్లు పడుతుంది.

ఒక పని చేయండి, నాలుగు గవ్వలకీ గోళ్ల రంగుతో చుక్క పెట్టి, ఒక్కోటి వందసార్లు వేసి రాసుకోండి (పిల్లలకి అప్పగిస్తే ఓ గంట ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, అది అదనం). మరీ ఒకవైపే పడేదాన్ని తీసేసి వేరేది పెట్టుకోండి. పాతకాలం వాళ్లు వీపుని గరుకు రాతి మీద అరగదీసి చదునుగా చేసేవాళ్లు, బయటి ఉబ్బు పోయి గవ్వ నిలకడగా కూర్చునేది. లేదూ, ఆ గవ్వలతోనే ఆడండి, నలుగురికీ అవే గవ్వలు కదా, అన్యాయం ఎవరికీ లేదు. ఎనిమిది గళ్ల వెనక ఉన్నవాడికి కూడా భయపడాలి, అదొక్కటే తేడా.

ప్రశ్న: మా అయిదేళ్ల పాప కాయ చచ్చిపోతే గంట ఏడుస్తుంది. ఆడించడం మానేయాలా?
— వరంగల్ నుంచి ఒక తల్లి

మానేయకండి. ఆటలో అరటిపండుని చేస్తే, అంటే దాని కాయని ఎవరూ చంపకుండా వదిలేస్తే, నాలుగు రోజులకి అదే పసిగట్టి "నన్ను ఉత్తుత్తినే ఆడిస్తున్నారు" అని ఇంకా ఎక్కువ ఏడుస్తుంది. మా ఇంట్లో జరిగింది. పాపని మీ జట్టులో చేర్చుకోండి, గవ్వలు వేసేది తను, కాయ ఎంచేది ఇద్దరూ కలిసి. కాయ చస్తే ఏడ్చేది ఇద్దరూ అన్నమాట, మీరు కాస్త ఎక్కువ ఏడవండి, తనకి నవ్వొస్తుంది. ఆరేడేళ్లు వచ్చేసరికి తన కాయలు తనకి ఇచ్చేయొచ్చు. పైగా కూడికలు నేర్పడానికి ఇంతకంటే సులువైన దారి నాకు తెలీదు, మూడు పడితే ఒక్కో గడీ వేలు పెట్టి లెక్కపెట్టే పిల్లలు వారంలో వేళ్లు ముడవకుండా చెప్పేస్తారు.

ప్రశ్న: మా మావయ్యగారు గవ్వలు విసరరు, అరచేతిలోంచి నేల మీదకి మెల్లగా జారుస్తారు. ఆయనకి కావాల్సింది పడుతోంది. తొండి అనడానికి మాకు నోరు రావట్లేదు.
— పేరు వద్దన్న కోడలు, కాకినాడ

నోరు రావక్కర్లేదు, గ్లాసు చాలు. స్టీలు గ్లాసులో గవ్వలు వేసి, చేత్తో మూసి, గలగలలాడించి బోర్లించడం. "మావయ్యగారూ, మీకు చెయ్యి నొప్పి కదా, ఇందులో వేయండి" అని చెప్పి అందరికీ అదే రూల్ పెట్టేయండి. జానెడు ఎత్తు నుంచి పడాలి, గవ్వ మీద గవ్వ ఎక్కితే ఆ పందెం చెల్లదు, ఈ రెండు కూడా చేర్చండి. శకుని కాలం నుంచీ ఈ చేతివాటం ఉన్నదే, మీ ఇంట్లో కొత్తగా పుట్టలేదు. ఆయన మాత్రం మంచి చేయి ఉన్న మనిషి, ఒప్పుకోవాలి.

ప్రశ్న: లూడో మనదేనా, ఇంగ్లీషువాళ్లదా? మా ఆఫీసులో పందెం కాశాం.
— హైదరాబాద్

ఆట మనది, పేటెంట్ వాళ్లది. పచ్చీసు మన దేశంలో ఎన్నో తరాలుగా ఉంది, ప్లస్ ఆకారంలో పటం, గుడ్డ మీద కుట్టినది, ఆరేడు గవ్వలు. పచ్చీస్ అంటే పాతిక, ఆ ఆటలో పెద్ద పందెం. ఫతేపూర్ సిక్రీ కోట ముంగిట్లో రాతి నేల మీద పచ్చీసు పటం ఇప్పటికీ కనిపిస్తుంది, అక్బరు కాయల బదులు మనుషుల్ని నిలబెట్టి ఆడించాడని చెప్పుకుంటారు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇంగ్లండులో ఆల్‌ఫ్రెడ్ కోలియర్ అనే ఆయన దీన్నే కుదించి, గవ్వలు తీసేసి, డబ్బాలో వేసి కుదిపే పాచిక పెట్టి, లూడో పేరుతో పేటెంట్ తీసుకున్నాడు. లూడో అంటే లాటిన్‌లో 'ఆడతాను' అని.

నాకు బాధ కలిగించేది పేటెంటు కాదు. పచ్చీసులో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. పందెం వేసి కూడా కాయ నడపకుండా ఊరుకోవచ్చు, ఇంట్లో క్షేమంగా ఉన్న కాయని బయటికి తీయనక్కర్లేదు. ఈ రెండూ లూడోలో ఎగిరిపోయాయి, ఆటలో బుర్ర పెట్టే చోటు అక్కడే తగ్గిపోయింది. మీ పందెం సంగతి, చెరి సగం పంచుకోండి.

అష్టా చెమ్మాకి చుట్టాలు చుట్టూ ఉన్నారు, కన్నడం వాళ్లు చౌకాబారా అంటారు, తమిళం వాళ్ల తాయం దీని తోబుట్టువే. హంపి వెళ్లినప్పుడు మండపాల్లో శిల్పాలే కాకుండా కింద రాతి నేల కూడా చూడండి, ఎవరో ఎండవేళ కూర్చుని చెక్కుకున్న ఆట గళ్లు కనిపిస్తాయి.

ప్రశ్న: గుంటూరు నుంచి మా అమ్మ ఆరు నెలలకి వచ్చింది. మా పిల్లలు పుట్టింది ఇక్కడే, వాళ్ల అల్మారా నిండా బోర్డ్ గేమ్సే, అమ్మకి అవి అర్థం కావు. అమ్మ ఆటలు వాళ్లకి బోర్. ఇద్దరికీ కుదిరేది ఏమన్నా ఉందా?
— న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు

మీ పిల్లల అల్మారాలో కటాన్ ఉండే ఉంటుంది, 1995లో జర్మనీలో వచ్చిన ఆట. అందులో రెండు పాచికలు వేస్తారు, అంకెల బిళ్లల మీద 6, 8 ఎర్రగా ఉంటాయి, ఎందుకని పిల్లల్ని అడగండి. రెండు పాచికల్లో 36 రకాలు పడొచ్చు, 7 వచ్చేవి ఆరు, 6 వచ్చేవి అయిదు, 8 వచ్చేవి అయిదు. అష్టా చెమ్మాలో రెండు ఎందుకు ఎక్కువ పడుతుందో సరిగ్గా అదే లెక్క. మీ అమ్మగారికి లెక్క కాగితం మీద తెలియకపోవచ్చు, చేతికి తెలుసు. కటాన్‌లో గొర్రెకి ఇటుక, ఇటుకకి గోధుమ మార్చుకునే బేరాలు ఉంటాయి చూడండి, గుంటూరులో కూరల బండి దగ్గర ముప్పై ఏళ్లు బేరమాడిన మనిషి ముందు మీ పిల్లలు నిలవరు. కానీ అది గంటంపావు ఆట, రూల్స్ ఎక్కువ, మొదటి రోజే వద్దు.

మొదటి రోజుకి కాంట్ స్టాప్ అని ఒకటి ఉంది, సిడ్ సాక్సన్ అనే అమెరికా ఆయన చేసింది, 1980లో వచ్చింది. నాలుగు పాచికలు వేసి, వాటిని రెండేసి జంటలుగా కలిపి, వచ్చిన అంకెల నిచ్చెనలు ఎక్కాలి. 7 నిచ్చెనకి 13 మెట్లు, 2కీ 12కీ మూడే మెట్లు, తరచుగా పడేదానికి మెట్లెక్కువ. ఎక్కిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న, ఆగుతావా, ఇంకోసారి వేస్తావా? ఆగితే ఎక్కిన మెట్లు దక్కుతాయి, వేశాక పనికొచ్చే అంకె రాకపోతే ఆ చేతిలో ఎక్కినవన్నీ పోతాయి. చేతిలో 6, 7, 8 నిచ్చెనలు ఉంటే ఇంకో పందెం కలిసొచ్చే అవకాశం 92 శాతం, 2, 3, 12 ఉంటే 44 శాతమే. ఇంగ్లీషు చదవాల్సిన ముక్క ఒక్కటీ లేదు, అంకెలు వస్తే చాలు. "చాలు ఆపవే" అని అమ్మమ్మ, "ఇంకొక్కటి" అని మనవరాలు, ఇల్లు ఎగిరిపోతుంది.

రెండో వారం అట్టముక్క మీద అయిదు అడ్డం అయిదు నిలువు గీయండి. "అమ్మమ్మ ఆట" అనకండి, పిల్లలకి పెద్దల పేరున్న ఆటంటే పథ్యం కూడులా ఉంటుంది. పైన రాసిన మూల గడి రహస్యం మాత్రం అమ్మమ్మకే ఇవ్వండి, రెండు ఆటలు వరసగా ఓడిపోతే వాళ్లే వచ్చి నేర్పమంటారు.

ప్రశ్న: ఫోన్‌లో డబ్బు పెట్టి లూడో ఆడే యాప్‌లో మొదట గెలిచి తర్వాత బాగా పోగొట్టుకున్నాను. బుర్ర పెట్టి ఆడితే తిరిగి రాబట్టుకోవచ్చా?
— ఊరు రాయలేదు

వద్దు తమ్ముడూ. ఇందాక అంత లెక్క చెప్పింది నేలమీద నలుగురు కూర్చుని నవ్వుకోవడానికి. బుర్రతో వచ్చేది కొద్దిపాటి మొగ్గు, ఎన్నో ఆటలు ఆడితే గానీ అది తేలదు, ఆ లోపల ప్రతి ఆటకీ కొంత నిర్వాహకుడు కోసుకుంటాడు. 2025 ఆగస్టులో కేంద్రం చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని, అదృష్టం ఆటైనా నైపుణ్యం ఆటైనా, నిషేధించింది. పోయింది పోయిందనుకోండి. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి, ముందు ఆ పని, ఈ రాత్రే.

ప్రశ్న: మేం ఇద్దరమే ఉంటాం, రిటైరయ్యాం. ఇద్దరితో ఆట పేలవంగా ఉంది.
— ఏలూరు

ఎదురెదురు ఇళ్లు రెండూ ఒకరివి చేసుకోండి, మనిషికి ఎనిమిది కాయలు. ఒక చేతికి రెండు వైపుల కాయల్లో ఏదైనా నడపొచ్చు అని పెట్టుకుంటే, ఎంచుకునేది రెండింతలవుతుంది, ఆట బిగుస్తుంది. కాఫీ రెండుసార్లు చల్లారుతుంది.

ప్రశ్న: ఇంట్లో గవ్వలాడితే దరిద్రం అంటుంది మా బామ్మ. పైగా ఇక్కడ గవ్వలు కూడా దొరకట్లేదు.
— ఇంటర్ చదివే పాఠకురాలు, కరీంనగర్

బామ్మ భయం జూదం గురించి తల్లీ, డబ్బు పెట్టి ఇళ్లు గుల్ల చేసుకున్నవాళ్లని చూసి ఉంటుంది. శివరాత్రి జాగారానికి, ముక్కోటి ఏకాదశికి నిద్ర రాకుండా వైకుంఠపాళో పచ్చీసో పరిచిన ఇళ్లు ఎన్నో. పైసలు ఉండవని మాటిచ్చి, మొదటి పందెం బామ్మ చేత వేయించు, ఆ తర్వాత నువ్వు లేవమన్నా లేవదు.

గవ్వలు లేకపోతే చింతపిక్కలు ఉన్నాయిగా. బాగా ఎండిన పెద్ద పిక్కలు నాలుగు తీసుకో. ఒక వైపు గచ్చు మీదో రుబ్బురోలు అంచు మీదో నాలుగు చుక్కల నీళ్లు పోసి రుద్దు. నల్లటి పొట్టు పోయి లోపలి తెలుపు పైకి వచ్చేదాకా రుద్దాలి, వేలు వేడెక్కుతుంది, ఊదుకుంటూ రుద్దడమే. తెల్ల వైపు పైకి పడితే వెల్లకిలా లెక్క. మరీ ఎక్కువ అరగదీయకు, పిక్క పలచబడి ఒకవైపే పడటం మొదలెడుతుంది, అప్పుడు నెల్లూరు వాళ్ల గవ్వల కథే. నాలుగూ ఒకే సైజువి ఏరుకో, రెండు ఎక్కువే చేసి పెట్టుకో, మంచం కింద పడ్డ పిక్క దొరకదు.